నల్లగా మెరిసే రాయి జింక్ ఖనిజమేనా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

బోరు వేయిస్తే పొడితో పాటు మెరిసే పలుకులు వచ్చాయి. బావి పూడిక తీస్తుంటే నల్లగా నిగనిగలాడే రాయి బయటపడింది. చెలక దున్నుతుంటే చేతికి బరువుగా తగిలే గడ్డ దొరికింది. ఇది జింకా, సీసమా, ఇంకేదైనా విలువైనదా? దేవరకొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్, నారాయణపేట వైపు నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది, దానికి తోడుగా ఫోన్‌లో తీసిన ఒక ఫొటో. ఫొటో చూసి జింక్ ఖనిజమని చెప్పడం ఎవరివల్లా కాదు. చెప్పేస్తున్నారంటే మీ దగ్గర ఏదో ఆశిస్తున్నారని అనుకోవచ్చు. రాయి మీ చేతిలో ఉంది కాబట్టి పరీక్ష చేయాల్సింది మీరే. ఒక సాయంత్రం సరిపోతుంది.

మనం వెతుకుతున్న ఖనిజం పేరు స్ఫాలరైట్. పదో తరగతి లోహాల పాఠంలో జింక్ బ్లెండ్ అని చదువుకున్నది ఇదే. జింక్, గంధకం కలిసిన సల్ఫైడ్. శుద్ధంగా ఉంటే బరువులో 67 శాతం జింకే. చిక్కంతా రంగుతో వస్తుంది. ఇనుము కలిసేకొద్దీ ఇది లేత పసుపు నుంచి తేనె రంగుకు, అక్కడి నుంచి ఎర్ర గోధుమకు, చివరికి బొగ్గు నలుపుకు మారుతుంది. అందుకే పైరంగు చూసి తీర్పు చెప్పకండి. పొడి రంగు, విరిగే తీరు, నీళ్లలో బరువు, యాసిడ్ చుక్కకు వచ్చే వాసన, ఈ నాలుగూ కలిస్తేనే స్ఫాలరైట్. ఒక్కటి తప్పినా అనుమానించండి.

మన నేల సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ అనే చారల రాళ్లు. వాటిని చీల్చుకుంటూ నల్లటి డోలరైట్ (మనవాళ్లు బ్లాక్ గ్రానైట్ అనేది) గోడల్లా పోతుంటుంది. హుజూర్‌నగర్, మఠంపల్లి, దామరచర్ల వైపు సున్నపురాయి. నల్లమల అంచున క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి. తాండూరు వైపు మళ్లీ సున్నపురాయి. దేశంలో జింక్ తవ్వే పెద్ద గనులు రాజస్థాన్‌లో ఉన్నాయి: జావర్, రాంపురా ఆగుచా, రాజ్‌పురా దరీబా. మనకు దగ్గరగా అంటే కృష్ణకు అవతల, వినుకొండ దగ్గరి బండలమొట్టులో సీసం తవ్వారు. కడప జిల్లా జంగంరాజుపల్లెలో సీసం, జింక్ నిక్షేపం ఉంది. కాబట్టి మీ చేతిలోని నల్లరాయి జింక్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అయినా పరీక్ష చేయడం దండగ కాదు, అది ఏమిటో అయినా తెలుస్తుంది.

కావాల్సినవి

- చిన్న సుత్తి, కళ్లకు అద్దాలు. బండి నడిపేటప్పుడు పెట్టుకునేవైనా పర్లేదు, కళ్లద్దాలు లేకుండా మాత్రం రాయి కొట్టకండి.
- పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. గడియారాలు బాగుచేసేవాళ్లు, కంసాలివాళ్లు వాడేది.
- మెరుగుపూత లేని తెల్ల పింగాణీ ముక్క. పాత కిట్‌క్యాట్ ఫ్యూజుకు అడుగున గరుకుగా ఉండే భాగం పనికొస్తుంది. టీ కప్పు అడుగున బల్లకు ఆనే గరుకు అంచు కూడా సరే. టైలు వెనక వైపు వాడాలంటే అది తెల్లగా ఉండాలి, ఎర్రమట్టి టైలు వద్దు.
- ఇనుప మేకు లేదా పాత చాకు, కరెంటు పనిలో మిగిలిన రాగి తీగ ముక్క, గాజు పెంకు.
- పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం.
- 0.1 గ్రాము వరకు చూపే డిజిటల్ తూకం, దారం, ప్లాస్టిక్ గిన్నె.
- బాత్‌రూమ్ కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొంచెం, డ్రాపర్, రబ్బరు గ్లోవ్స్.
- ఒక పలుగురాయి ముక్క. ఎందుకో తర్వాత చెప్తాను.

పాత పుస్తకాల్లో గట్టిదనం చూడటానికి రాగి నాణెం వాడమని ఉంటుంది. ఇప్పుడు మన జేబులో ఉండే బిళ్లలు స్టీలువి, వాటితో గీస్తే లెక్క తప్పుతుంది. అందుకే రాగి తీగ చెప్పాను.

1. ఎక్కడిదో రాసి పెట్టండి

రాయిని కడగకముందే ఊరు, సర్వే నంబరు, ఎంత లోతున దొరికిందో రాయండి. బోరులోదైతే ఎన్ని అడుగుల దగ్గర వచ్చిందో డ్రిల్లరును అప్పుడే అడగాలి. రెండు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు. రాయి బండలోంచి విరిచిందా, నేల మీద విడిగా పడి ఉందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. విడిగా పడి ఉన్న రాయి రోడ్డు కంకరతో వచ్చి ఉండొచ్చు, ఇంకెక్కడి నుంచో లారీలో దిగి ఉండొచ్చు.

ఇక్కడే మొదటి అనుమానం పుట్టాలి. స్ఫాలరైట్ ఎండావానలకు నిలవదు. గాలి, నీరు తగిలితే గంధకం ఆమ్లంగా మారుతుంది, జింక్ నీళ్లలో కరిగి పోతుంది, ఇనుము ఉంటే తుప్పు మట్టి మిగులుతుంది. ఏళ్ల తరబడి చేను గట్టున ఎండకు ఎండి, వానకు తడిసి కూడా పైపైన తళతళలాడుతున్న నల్లరాయి స్ఫాలరైట్ కావడం కష్టం.

2. కొత్త ముఖం తెరవండి

రాయిని బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. మందపాటి గుడ్డలో చుట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. పగిలిన లోపలి భాగమే చూడాలి, పైన ఉండే తుప్పుతో పని లేదు. మొత్తం పొడి చేసేయకండి, కనీసం సగం రాయిని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ల్యాబుకు పంపాల్సి వస్తే అదే కావాలి.

సుత్తి, పొడి, యాసిడ్ ఉన్నచోట పిల్లల్ని రానివ్వద్దు. ఈ రాళ్లలో సీసం ఉండే అవకాశం ఉంది. వంటగదిలో, వంట గిన్నెల్లో ఈ పని పెట్టుకోకండి, అయ్యాక సబ్బుతో చేతులు కడగండి.

3. ఎండలో తిప్పి చూడండి

పగిలిన ముక్కను ఎండలో పట్టుకుని మెల్లగా తిప్పండి. స్ఫాలరైట్ ఆరు దిశల్లో నున్నటి తలాలుగా విరుగుతుంది. అందుకే ఎటు తిప్పినా ఎక్కడో ఒక చిన్న అద్దం తళుక్కుమంటుంది. ఒక తలం ఆరిపోతుండగానే పక్కది వెలుగుతుంది. మెరుపు లోహపు మెరుపు కాదు, ఎండిన తుమ్మబంక గడ్డలో కనిపించే మెరుపు. నల్ల ముక్కైనా సన్నని అంచును వెలుతురుకు అడ్డం పెట్టి భూతద్దంతో చూస్తే, చాలాసార్లు లోపల ఎర్ర గోధుమ రంగు తేలుతుంది. బాగా ఇనుము పట్టిన రకంలో అదీ కనిపించదు, కంగారు పడకండి.

పొరలు పొరలుగా గోటితో ఊడి వస్తుంటే అది నల్ల అభ్రకం. కథ అక్కడితో అయిపోయింది. షాద్‌నగర్ చుట్టుపక్కల పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ క్వారీల దగ్గర నుంచి వచ్చే “నల్ల మెరుపు” చాలావరకు ఇదే. కాకిబంగారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

4. గీత గీయండి (దీన్ని మాత్రం వదిలేయొద్దు)

పింగాణీ ముక్క మీద రాయి మొనను గట్టిగా అదిమి, ఒక అంగుళం పొడవు గీత గీయండి. గీత మీద గట్టిగా ఊదండి. నిలిచిన రంగే ఆ ఖనిజపు పొడి రంగు.

స్ఫాలరైట్ గీత లేత పసుపు నుంచి లేత గోధుమ రంగు వరకు ఉంటుంది. బొగ్గులా నల్లగా ఉన్న రాయి కూడా గోధుమ గీతే ఇస్తుంది. రాయి నలుపు, గీత దానికన్నా ఎంతో లేత. ఈ తేడాయే మనకు కావాల్సింది. మొదటిసారి చూసినవాళ్లు పింగాణీని కడిగి మళ్లీ గీస్తారు, నమ్మకం కుదరక.

మిగతావి ఇలా ఉంటాయి:

- గెలీనా, అంటే సీసపు ఖనిజం: సీసం బూడిద రంగు గీత.
- పైరైట్ (ఇనుప సల్ఫైడ్), చాల్కోపైరైట్ (రాగి, ఇనుము కలిసిన సల్ఫైడ్): పైన బంగారు పసుపు, గీత మాత్రం ఆకుపచ్చ జీర ఉన్న నలుపు.
- మాగ్నెటైట్, అంటే అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం: నల్ల గీత.
- హెమటైట్: గడపకు పూసే జాజు రంగు. జాజులో ఉన్నదీ అదే.
- తుప్పు రాయి, అంటే గోథైట్: పసుపు గోధుమ. స్ఫాలరైట్‌తో తికమక పెట్టేది ఇదే. అయితే దీనికి అద్దాల్లాంటి తలాలు ఉండవు, యాసిడ్‌కు వాసన రాదు.
- అభ్రకం, హార్న్‌బ్లెండ్: తెలుపు, బూడిద, లేత ఆకుపచ్చ.

ఎక్కువమంది చేసే తప్పులు చెప్తాను. మెరుగుపూత ఉన్న వైపు గీస్తారు, గీత పడదు, “రాయి చాలా గట్టిది సార్” అంటారు. లేదా గట్టి రాయి పింగాణీనే కోసేస్తుంది. ఆ వచ్చిన తెల్లపొడి పింగాణీది, రాయిది కాదు. వేలితో తుడవండి, కింద గాడి కనిపిస్తే పింగాణీ తెగిందని అర్థం. ఇంకొందరు తుప్పు పట్టిన పైపొర మీద గీసి గోధుమ రంగు వచ్చిందని సంబరపడతారు. తెరిచిన కొత్త ముఖం నుంచే గీయాలి.

పింగాణీ దొరక్కపోతే చిన్న పలుకును తెల్ల కాగితాల మడత మధ్య పెట్టి సుత్తితో మెత్తగా నూరండి. పొడి ఎంత మెత్తగా ఉంటే రంగు అంత నిజం చెప్తుంది. బరకగా ఉంటే అసలు రంగు కన్నా ముదురుగా కనిపిస్తుంది.

5. గట్టిదనం

ఒకటి నుంచి పది వరకు ఉండే మోస్ కొలతలో స్ఫాలరైట్ గట్టిదనం 3.5 నుంచి 4. రాగి తీగతో గీస్తే గీత పడదు, చాకుతో సులువుగా పడుతుంది. గాజును అది గీయలేదు. గాజు మీద గాటు పడిందంటే మీ దగ్గర ఉన్నది ఇంకేదో: టూర్మలిన్, పైరైట్, మాగ్నెటైట్, గార్నెట్ లాంటిది. గెలీనా ఇంకా మెత్తన, రాగి తీగకే లొంగుతుంది.

గీత నిజంగా పడిందా, మేకు ఇనుమే రాయికి అంటుకుందా అన్నది వేలితో రుద్ది చూడండి. చెరిగిపోతే అది మేకు గుర్తే.

6. అయస్కాంతం

గట్టిగా అతుక్కుంటే మాగ్నెటైట్. డోలరైట్ ముక్కలు కూడా కొద్దిగా లాగుతాయి, ఎందుకంటే వాటిలో మాగ్నెటైట్ రేణువులు ఉంటాయి. స్ఫాలరైట్‌ను చేతి అయస్కాంతం లాగదు. కొంచెం లాగినట్టుంటే దానిలో పైరోటైట్ కలిసి ఉండొచ్చు. అది కంచు రంగులో ఉండే ఇనుప సల్ఫైడ్, జింక్ ఖనిజంతో కలిసి కనిపించేదే.

బోరు పొడి పరీక్షించేవాళ్లకు ఒక మాట. ముందుగా పొడినంతా అయస్కాంతంతో ఒకసారి తిప్పేయండి. డ్రిల్లింగ్ బిట్టు అరిగి రాలిన స్టీలు రజను దానికి అంటుకుంటుంది. ఆ రజను తళతళను చూసి వెండి అనుకున్నవాళ్లు ఉన్నారు.

7. నీళ్లలో తూకం

చేతిలో పట్టుకుని “బరువుగా ఉంది” అనడం పనికిరాదు. లెక్క ఇలా:

పొడి రాయిని తూచి రాసుకోండి. ఇప్పుడు నీళ్లున్న గిన్నెను తూకం మీద పెట్టి అంకెను సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కీ అంచుకీ తగలకూడదు. తూకం చూపే అంకె రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును ఈ అంకెతో భాగించండి.

ఉదాహరణకు పొడి రాయి 82 గ్రాములు, నీళ్లలో వేలాడదీస్తే తూకం 20.3 చూపింది. 82ను 20.3తో భాగిస్తే 4.04. ఇది స్ఫాలరైట్‌కు సరిపోయే అంకె. దాని సాంద్రత 3.9 నుంచి 4.1 మధ్య ఉంటుంది.

పోల్చుకోవడానికి మిగతావి: పలుగురాయి 2.65, కాల్సైట్ 2.7, డోలరైట్ దాదాపు 3, ఫ్లోరైట్ 3.2, చాల్కోపైరైట్ 4.2, బెరైటీస్ 4.5, పైరైట్ 5, మాగ్నెటైట్ 5.2, గెలీనా 7.5.

ఇప్పుడు ఆ పలుగురాయి పని. అసలు రాయి కన్నా ముందు పలుగురాయితో ఇదంతా చేసి చూడండి. 2.6కూ 2.7కూ మధ్య వస్తే మీ తూకం, మీ చెయ్యి సరిగ్గా ఉన్నట్టు. 2.3 వచ్చిందంటే రాయికి గాలి బుడగలు పట్టి ఉంటాయి, వేలితో తుడిచి మళ్లీ ముంచండి. 3 దాటిందంటే రాయి మొత్తం మునగలేదేమో చూడండి. అడుగు తగిలితే అంకె ఇంకోలా తప్పుతుంది, రాయి బరువు కొంత తూకం మీద పడి ఫలితం పడిపోతుంది. వంటింటి తూకం గ్రాము గ్రాముగానే చూపుతుందంటే వంద గ్రాములకు పైబడిన రాయి తీసుకోండి, చిన్నదానితో లెక్క కుదరదు.

మీ ముక్కలో సగం పలుగురాయి, సగం స్ఫాలరైట్ ఉంటే అంకె 3.3 దగ్గర ఆగుతుంది. కాబట్టి తక్కువ వచ్చిందని వెంటనే కొట్టిపారేయకుండా, నల్లటి భాగాన్ని విడదీసి మళ్లీ చూడండి.

8. యాసిడ్ చుక్క

ఇది బయటే చేయండి, గాలి మీ వీపు వైపు నుంచి వీస్తున్నప్పుడు. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. యాసిడ్ గాఢంగా ఉంటే మూడు వంతుల నీళ్లలో ఒక వంతు యాసిడ్ పోయండి. నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి ఈ యాసిడ్‌ను తీసుకెళ్లకండి, రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

రాయి మీద కాకుండా, రాయి నుంచి గీకిన చిటికెడు పొడి మీద ఒకటి రెండు చుక్కలు వేయండి. ముఖం దగ్గర పెట్టి పీల్చొద్దు. చేత్తో గాలిని మీ వైపు కొద్దిగా విసురుకోండి. స్ఫాలరైటైతే కుళ్లిన గుడ్డు వాసన సన్నగా వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, ఎక్కువైతే ప్రాణం తీసే వాయువు. అందుకే చిటికెడు పొడే చాలు అంటున్నాను. మూసిన గదిలో వద్దు, బావిలో దిగి అసలే వద్దు. వాసన తెలియగానే నీళ్లు పోసి కడిగేయండి.

వాసన ఒక్కటే ఆధారం కాదు. పైరోటైట్ కూడా అదే వాసన ఇస్తుంది, గెలీనా పొడి కూడా కొంచెం ఇస్తుంది. కొలిమి చిట్టెంలో గంధకం ఉంటే అదీ ఇస్తుంది. గీత, తూకం కూడా కలిస్తేనే లెక్క. పైరైట్ మాత్రం చల్లటి పలచటి యాసిడ్‌కు కదలదు.

వాసన లేకుండా బుసబుస పొంగితే అది సున్నపు భాగం, కాల్సైట్. రాయి మీద నిదానంగా ఉండి, పొడి చేశాక పొంగితే డోలమైట్, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటిది. గోధుమ రంగులో ఉండి, సాంద్రత 3.9 చూపించి, తెల్ల గీత పడి, చల్లటి యాసిడ్‌కు మెల్లగా మాత్రమే పొంగే రాయి కనిపిస్తే అది సిడరైట్, ఇనుప కార్బొనేట్. స్ఫాలరైట్‌కు దీనికన్నా దగ్గరి పోలిక ఇంకోటి లేదు. తేడా వాసన దగ్గర తేలుతుంది.

యాసిడ్ వద్దనుకుంటే ఈ మెట్టు వదిలేసి మిగతావి చేసి ల్యాబుకు పంపండి. నిమ్మరసం, వెనిగర్ సున్నపురాయికి పనికొస్తాయి కానీ స్ఫాలరైట్‌కు పనికిరావు. రాయిని పొయ్యి మీద కాల్చి చూడాలన్న ఆలోచన వస్తే మానుకోండి. గంధకపు పొగ, దానితో పాటు సీసం, ఆర్సెనిక్, కాడ్మియం ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

9. తోడుగా ఏమున్నాయో చూడండి

స్ఫాలరైట్ ఒంటరిగా దొరకడం అరుదు. అందుకే పక్కన ఏముందో చూడటం సగం పరీక్ష.

గెలీనా దీనికి విడదీయరాని జత. వెండిలా మెరిసే బూడిద రంగు, విరిగితే మూల మూలకూ 90 డిగ్రీలతో చిన్న చిన్న ఘనాలు, మెట్లు మెట్లుగా అంచులు. చేతికి ఒక్కసారి తీసుకుంటే బరువే చెప్తుంది. దీన్ని నూరి కళ్లకు పెట్టుకునే ఆలోచన చేయకండి. సుర్మా పేరుతో అమ్మే కొన్ని నల్లపొడుల్లో ఉన్నది ఈ సీసపు సల్ఫైడే, పిల్లలకు మరీ ప్రమాదం.

పైరైట్, చాల్కోపైరైట్ రెండూ పసుపు. పైరైట్ లేత ఇత్తడి రంగు, గాజును గీస్తుంది, తరచూ ఘనాకారంలో ఉంటుంది. చాల్కోపైరైట్ రంగు ముదురు, చాకుకు లొంగుతుంది, పాతబడితే నీలం, ఊదా రంగులు తేలతాయి. చుట్టూ పచ్చటి మరక ఉంటే అది రాగి. రెండూ సుత్తి దెబ్బకు పొడి అవుతాయి. బంగారం పొడి కాదు, సాగుతుంది. గ్రానైటు పగుళ్లలో పైరైట్ పలుకులు మన బోరుల్లో వస్తూనే ఉంటాయి, ఒక్క పైరైట్ చూసి జింక్ ఉందనుకోవడానికి ఏమీ లేదు.

తెల్లగా ఉండి, సున్నపురాయిలా కనిపించి, యాసిడ్‌కు పొంగక, అనుమానం వచ్చేంత బరువుంటే బెరైటీస్. మంగంపేటలో తవ్వేది అదే.

ఇక ఫ్లోరైట్. ఊదా, ఆకుపచ్చ, రంగులేనివి ఉంటాయి. గట్టిదనం 4. సీసం, జింక్ ఉన్నచోట్ల చాలాసార్లు కనిపిస్తుంది. ఇక్కడే మన జిల్లా వాళ్లు ఒక లంకె వేసుకుంటారు: మర్రిగూడ, మునుగోడు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కదా, అంటే కింద ఫ్లోరైట్, దాని పక్కన జింక్ అని. అది నిలబడదు. మన ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, అభ్రకం లాంటి ఖనిజాల నుంచి ఏళ్ల తరబడి నీళ్లలోకి దిగింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే జింక్ గని ఉన్నట్టు కాదు, ఎవరైనా అలా చెప్పి భూమి ధర పెంచితే నమ్మకండి.

నేల పైన స్ఫాలరైట్ కరిగిపోయిన చోట తుప్పు రంగు బోలు రాయి మిగులుతుంది. లోపల ఘనాకారపు ఖాళీలు ఉంటే అక్కడ ఒకప్పుడు సల్ఫైడ్ ఉండేదని అర్థం. ఇలాంటి రాయి తళతళలాడే నల్లరాయి కన్నా నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. కానీ ఎవరూ దాని ఫొటో పంపరు, అందంగా ఉండదు కదా. సున్నపురాయి ప్రాంతమైతే జింక్ కార్బొనేట్ అయిన స్మిత్సొనైట్ కూడా ఉండొచ్చు. బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది, సున్నపురాయి కన్నా బాగా బరువు, సాంద్రత 4.4.

ఏ రాయిలో దొరికిందన్నదీ చూడండి. జావర్‌లో జింక్ ఉన్నది డోలమైట్‌లో, బండలమొట్టులో సీసం ఉన్నదీ డోలమైట్‌లోనే. కాబట్టి కృష్ణ ఒడ్డు సున్నపురాయి, డోలమైట్ ప్రాంతపు ముక్కకు నేను కొంచెం ఎక్కువ సమయం ఇస్తాను. మామూలు గ్రానైటు గుట్ట ముక్కకు తక్కువ.

ముట్టుకోకూడని చోట్లు

నాగార్జునసాగర్, దేవరకొండ మధ్య లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల ప్రాంతంలో గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న చోట యురేనియం ఉంది. అక్కడ గెలీనా, పైరైట్, చాల్కోపైరైట్ కూడా దానితో పాటే ఉంటాయి. తోడు ఖనిజాలు చూసి మురిసిపోయి ఆ రాళ్లు ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టుకోకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల రాయి కొట్టడం, తేవడం నేరం. పాత క్వారీ గుంతల్లోకి, వదిలేసిన బావుల్లోకి ఒంటరిగా దిగొద్దు.

ఎక్కువగా మోసపోయేవి

ఇనుప చిట్టెం: మన పల్లెల్లో పాతకాలపు ఇనుము కొలిమిల దిబ్బలు చాలాచోట్ల ఉన్నాయి. నల్లగా, బరువుగా, గాజులా మెరుస్తుంది. భూతద్దంతో చూస్తే గాలి బుడగల గుంతలు, కారి గడ్డకట్టిన జాడలు కనిపిస్తాయి. ఖనిజంలో బుడగలు ఉండవు. డోలరైట్: గీత బూడిద, సాంద్రత 3 దగ్గర, మనవాళ్లు బ్లాక్ గ్రానైట్ అని పాలిష్ పెట్టించేది ఇదే. టూర్మలిన్: పొడవాటి కడ్డీల్లా, పక్కల నిలువు గాట్లతో, గాజును సులువుగా గీస్తుంది, విరిగితే తలాలు ఉండవు.

“మట్టి పరీక్షలో జింక్ లోపం వచ్చింది, ఈ రాయి నూరి వరిలో వేయొచ్చా” అని కూడా అడుగుతున్నారు. వేయొద్దు. స్ఫాలరైట్ నీళ్లలో కరగదు కాబట్టి మొక్కకు అందదు, దానితో వచ్చే సీసం, కాడ్మియం మాత్రం మడిలో మిగులుతాయి. దుకాణంలో దొరికే జింక్ సల్ఫేటే వాడండి.

10. ల్యాబుకు పంపడం, రిపోర్టు చదవడం

గీత లేత పసుపు లేదా గోధుమ, చాకుకు లొంగింది, సాంద్రత 4 దగ్గర, చాలా తలాల మెరుపు, పొడికి వాసన. ఇవన్నీ కలిస్తే అప్పుడు జిల్లా గనుల శాఖ కార్యాలయానికి తీసుకెళ్లండి. హైదరాబాద్ బండ్లగూడలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కార్యాలయం ఉంది. దగ్గర్లో జియాలజీ ఉన్న డిగ్రీ కాలేజీ ఉంటే ముందు అక్కడికే వెళ్లండి. ల్యాబులో అసలు స్ఫాలరైట్ నమూనా ఉంటే మీ ముక్కను పక్కన పెట్టి అదే పింగాణీ మీద రెండు గీతలు గీసి చూడొచ్చు, అంతకన్నా నమ్మకమైన పోలిక ఉండదు.

నమూనాను ప్లాస్టిక్ కవరులో వేయండి. జీఐ తీగతో కట్టొద్దు, జీఐ బకెట్లో వేయొద్దు. ఆ పూత జింకే, అది రాలి కలిస్తే రిపోర్టు పాడవుతుంది. మెరిసే ముక్కలు మాత్రమే ఏరి పంపితే ఆ ముక్కల సంగతే తెలుస్తుంది, బండ సంగతి తెలియదు. కాబట్టి రెండు కవర్లు పంపండి: ఒకటి ఏరినది, ఇంకోటి పక్కనున్న బండ కలిపి కొట్టినది. కవరు లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ.

రిపోర్టులో జింక్ పీపీఎంలో, అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో, ఉంటుంది. 10,000 పీపీఎం అంటే ఒక శాతం. భూమి పైపొరలో సగటున ఏ రాయిలోనైనా 70 పీపీఎం దాకా జింక్ ఉండనే ఉంటుంది, డోలరైట్‌లో ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి 110 పీపీఎం వచ్చిందని రిపోర్టు పట్టుకుని తిరగకండి, అది మామూలు రాయే. వేలల్లో వస్తే మళ్లీ అదే చోటి నుంచి ఇంకో నమూనా తీసి పంపండి. శాతాల్లో వస్తే సీసం, వెండి, కాడ్మియం కూడా చూడమని అడగండి. అప్పుడైనా సొంత భూమి కదా అని తవ్వకం మొదలుపెట్టొద్దు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేకుండా ఖనిజం తీయడం నేరం. “లీజు మేం ఇప్పిస్తాం, ముందు కొంచెం ఖర్చవుతుంది” అంటూ ఫోన్ చేసేవాళ్లకు డబ్బులివ్వకండి, దరఖాస్తు ఎలా పెట్టాలో జిల్లా గనుల శాఖలోనే అడగండి.